పీచ్ చెట్టు కింద తడి కుక్క

మా ఎల్గూజా మావయ్య పద్యం చెప్పేదాకా మా ఊళ్ళో ఏ బానలో ఉన్నదీ వైన్ కాదు. శీతాకాలమంతా మట్టిలో దాక్కున్న ద్రాక్షరసం, అంతే. ఇది నేనంటున్న మాట కాదు, ఊరంతా అనే మాటే.

ఎలాగంటే, కొండల మీద మంచు సగం పైకి వెళ్ళిపోయాక ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు బాన తెరుస్తారు. నేలలో మెడదాకా పాతేసిన బాన. మూత చుట్టూ మెత్తిన బంకమట్టి గోకేసి, రాతి మూత పక్కకి జరిపి, పొడుగు కాడ కట్టిన సొరకాయ బుర్ర లోపలికి దించుతారు. మొదటి బుర్ర ఎవరి గ్లాసులోకీ వెళ్ళదు, ఊరి గిన్నెలోకి వెళ్తుంది. మట్టి గిన్నె, అంచు ఒకచోట విరిగింది, ఎవరి తాత విరగ్గొట్టాడన్న దాని మీద ఇప్పటికీ గొడవలున్నాయి. ఆ గిన్నె ఎవరి చేతికిస్తే వాళ్ళు అడుగుదాకా తాగి అక్కడికక్కడే నాలుగు లైన్లు చెప్పాలి. అందులో వైన్ ఎలా ఉందో ఉండాలి, ఆ ఇంట్లో రోజూ కనబడే వస్తువో మనిషో తగువో ఒకటుండాలి. దేవుడూ దేశమూ చనిపోయినవాళ్ళూ అన్నీ తర్వాత, విందు మధ్యలో, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవచ్చు. మొదటి నాలుగు లైన్లు మాత్రం సాక్సులకీ చిల్లు బకెట్లకీ రాసిచ్చేశారు. పద్యం అయ్యాక అందరూ ఎత్తి ఖాళీ చెయ్యాల్సిందే. పద్యంలో ఏ మాట పట్టుకుంటే ఆ మాటే ఆ ఏడాదంతా ఆ వైన్ పేరు. సొంత బాన మీద సొంత పద్యం మాత్రం కుదరదు.

పోయినేడాది మా పక్కింట్లో మావయ్య చెప్పింది ఇదీ:

తలుపు చప్పుడు చెయ్యకు, అత్త నిద్దరోతోంది,
బేరిపండు వాసనేమో గోడ దూకి వస్తోంది;
దాచిన కూజా ఎక్కడుందో చెప్పెయ్యకే ముక్కా,
పొద్దున పాలవాడు కూడా అడుగుతాడొక చుక్క.

ఆ అత్త అక్కడే ఉంది. మొదట నవ్వింది ఆవిడే. ఆ వైన్ ఇప్పటికీ 'గోడ దూకిన బేరిపండు'.

మావయ్య చదివింది పెద్దగా ఏం లేదు. ఊరికీ తెలవి పట్నానికీ మధ్య మినీ బస్సు నడుపుతాడు, ప్రయాణికులు వాళ్ళ సంసారాలన్నీ ఆయన వీపుకి చెప్పుకుంటారు, పద్యాలకి సరుకంతా అదే. నేనేమో రాజధాని తిబిలిసిలో పుట్టి పెరిగి అక్కడే కాలేజీలో చదువుతున్నా. ఈస్టర్ సెలవులు రాగానే ఫోనూ రెండు చార్జర్లూ పట్టుకుని వచ్చేస్తా, ఒక్క బాన వదలకుండా వీడియో తీస్తా, ఎందుకంటే నాకు ఈ నాలుగు లైన్లంటే పిచ్చి. వేరే మాట లేదు.

ఈసారి వచ్చి మొదటి రెండిళ్ళూ చూశానో లేదో, ఎగిరి గంతేశా. పద్యాలు మారిపోయాయి! వైన్ గిన్నెలో పడేటప్పటి చప్పుడుంది, అంచున నిలబడ్డ తేనెరంగుంది, గొంతు దిగేటప్పటి చల్లదనముంది. పండ్లు లేవు, పూలు లేవు. మావయ్య కొత్త దారి పట్టాడని నేను కాలేజీ ఫ్రెండ్స్ అందరికీ మెసేజ్ పెట్టేశా.

ఉషాంగి బాబాయ్‌కి మాత్రం నచ్చలేదు. ఈయన నాతేలా అత్తయ్యకి అన్నయ్య, అంటే మావయ్యకి బావ. ఊళ్ళో మావయ్య తర్వాత పద్యం కట్టగలిగేది ఈయనొక్కడే, ఆ 'తర్వాత' అన్న మాట ఆయన గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

"ఏం బావా," అన్నాడు రెండో ఇంట్లో, రొట్టె విరుస్తూ, అందరికీ వినబడేలా. "ఈ ఏడాది నీ పద్యాలకి జలుబు చేసిందా?"

"నీ పద్యాలకి పుట్టినప్పట్నుంచీ చేసింది కదా బావా, అంటుకునుంటది," అన్నాడు మావయ్య.

అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. ఆయన జోక్ వేసి నవ్వకపోవడం నేను అంతవరకూ చూళ్ళేదు.

మర్నాడు మధ్యాహ్నం విషయం బయటపడింది. అత్తయ్య రాజ్మా గింజల కుండ పొయ్యి మీద పెట్టి కోళ్ళ దగ్గరికెళ్ళింది. నేను పెరట్లోంచి లోపలికొస్తే ఇల్లంతా మాడు కంపు, కుండ అడుగు బొగ్గైపోయింది, దానికి జానెడు దూరంలో మావయ్య గోడవైపు తిరిగి కూర్చుని బస్సు అద్దం తుడుచుకుంటూ హాయిగా ఈల వేస్తున్నాడు.

"మావయ్యా! మాడిపోతోంది!"

"ఏది?"

"ఏది ఏంటి! వాసన రావట్లేదా నీకు?"

ఆయన కుండ వైపు చూశాడు, నా వైపు చూశాడు. లేచి కిటికీ తీసి, మళ్ళీ కూర్చున్నాడు.

"జనవరిలో జ్వరం వచ్చింది చూడు," అన్నాడు. "అప్పట్నుంచీ ఏం లేదు. సబ్బు లేదు, పెట్రోల్ లేదు, మీ అత్తయ్య చేసే వెల్లుల్లి పచ్చడి లేదు. తెలవిలో ముక్కు డాక్టర్ని అడిగా. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాట నేను కూడా చెప్పగలను, డాక్టర్ ఎందుకు?"

"అత్తయ్యకి తెలుసా?"

"దానికి తెలిస్తే దాని అన్నకి తెలుస్తుంది. వాడికి తెలిస్తే గిన్నె వాడి చేతికెళ్తుంది. టెక్లే, ఒక మాట విను. బస్సు నడిపేవాడు ఎవడైనా దొరుకుతాడు. ఆ గిన్నె ఒక్కటే నాది. అది పోతే నేను విందులో బల్ల చివర కూర్చుని అందరితో పాటు తలూపాలి. ఈ ఊళ్ళో తలూపేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇంకొకడు అక్కర్లేదు."

నా 'కొత్త దారి' కథ అక్కడితో అయిపోయింది. కానీ నాకు వెంటనే ఇంకో ఐడియా వచ్చింది, నాకు వెంటనే వస్తాయి ఐడియాలు. ఇంటివాళ్ళ చేతిలోంచి గిన్నె నేను అందుకుంటా, వీడియో కోసం అని చెప్పి. మావయ్యకి ఇచ్చేలోపు నా ముక్కు పని చేస్తుంది. ఇచ్చి పక్కన కూర్చుంటా. బల్ల కింద మోకాలితో ఒకసారి తడితే పండు, రెండుసార్లు తడితే పువ్వు, మూడుసార్లు పొగ. మిగతాది ఆయన చూసుకుంటాడు.

"ఎంగిలి పద్యం అవుతుందేమో," అన్నాడు మావయ్య.

"బస్సులో వాళ్ళు చెప్పిన కబుర్లు ఎంగిలి కాదా?"

ఆలోచించాడు. "సరే. ముందు ఆ కుండ ఎక్కడైనా పాతెయ్."

తర్వాతి ఇంట్లో పండు, ఆ తర్వాత పొగ. రెండూ బ్రహ్మాండంగా కుదిరాయి. ఉషాంగి బాబాయ్ అనుమానంగా గడ్డం గోక్కున్నాడు. మేం కంపుకి సైగ పెట్టుకోలేదు. మా ఊళ్ళో కంపుకొట్టే వైన్ ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు.

రేజో ఇంట్లో ఉంది.

రేజోకి పాతికేళ్ళు. వాళ్ళ నాన్న పోయాక మొదటిసారి సొంతంగా బాన నింపాడు. బాన కడగడమంటే చెర్రీ బెరడు కుచ్చుతో లోపలికి దిగి, కడిగిన నీళ్ళు తాగబుద్ధయ్యేదాకా రుద్దాలి, అది రేజో సగంలో ఆపాడని తర్వాత తెలిసింది. ఆ రోజు వాళ్ళింటికి రేజోకి అనుకుంటున్న పెళ్ళికూతురి తరఫువాళ్ళు వచ్చారు, పక్క లోయ నుంచి, రెండు కార్లలో. బల్ల నిండా వేడివేడి రొట్టెలు, చీజ్, ఆకుకూరల ముద్దలు, కోడి. రేజో అమ్మ ఎతేరి వంటింటికీ బల్లకీ మధ్య పరిగెడుతూనే ఉంది. మూత తెరిచారు, బుర్ర దిగింది, గిన్నె నిండింది. రేజో చేతులు వణుకుతుంటే గిన్నె నేనందుకున్నా.

తడి కుక్క. వానలో తడిసి వచ్చి మంచం కింద దూరిన కుక్క ఉంటుంది చూడండి, అచ్చం అదే.

గిన్నె మావయ్యకిచ్చి పక్కన కూర్చున్నా. ఆయన మోకాలు నా మోకాలికి ఆనించి ఎదురు చూస్తున్నాడు. నాకేం చెయ్యాలో తెలీలేదు. పండు కాదు, పువ్వు కాదు, పొగ కాదు. పెళ్ళికూతురి నాన్న ఎదురుగా కూర్చుని మావయ్య నోటినే చూస్తున్నాడు. మావయ్య నా కాలు తొక్కాడు, 'కానీ' అన్నట్టు. వద్దు, తాగొద్దు అని చెప్దామని మోకాలితో గట్టిగా తన్నా. ఇంకోసారి తన్నా.

రెండుసార్లు. పువ్వు.

మావయ్య నిలబడి గిన్నె అడుగుదాకా తాగేశాడు, ఒక్క ముడత లేదు మొహంలో. మూతి తుడుచుకుని చెప్పాడు:

గుమ్మం దగ్గర నాన్న బూట్లు ఇంకా తియ్యనే లేదు,
మొదటి బాన తెరిచిన చేతికి వణుకు తీరనే లేదు;
గిన్నె ఎత్తితే పెరడంతా పూసిన పీచ్ చెట్టు వాసన,
కూర్చో రేజో, కూర్చో నాన్నా, ఇంకా ఎందుకాలోచన?

బూట్లు నిజంగానే గుమ్మం దగ్గరున్నాయి. వచ్చేటప్పుడు నేను వాటిని దాటుకునే వచ్చా, చూళ్ళేదు.

"గౌమర్జోస్!" అని, అంటే జయం అని, అందరూ గ్లాసులెత్తారు. గ్లాసు నోటి దగ్గరికి వచ్చేసరికి ముక్కు ముందు చేరింది. బల్ల మొత్తం ఆగిపోయింది. పెళ్ళికూతురి నాన్న గ్లాసు గాల్లోనే ఉంది. కానీ పద్యం అయిపోయింది, ఇంక వెనక్కి పెట్టే దారి లేదు. అందరూ కళ్ళు మూసుకుని తాగారు. ఒకాయన తాగాక చాలాసేపు కళ్ళు తెరవలేదు.

ఎతేరి వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చేస్తోంది. వచ్చి మావయ్య చెయ్యి పట్టుకుంది. "ఎల్గూజా, ఆ గిన్నెడూ తాగేసి... మొహం కూడా మార్చకుండా... నా కొడుకు పరువు కాపాడావయ్యా."

మావయ్యకి ముక్క అర్థం కాలేదు. "అయ్యో, దానిదేముందమ్మా," అన్నాడు.

పెళ్ళికూతురి నాన్న లేచాడు. "ఇలాంటి మనిషున్న ఊరికి పిల్లనివ్వడానికి రెండోసారి ఆలోచించక్కర్లేదు," అన్నాడు. "ఇది వైన్ కాదు. అయినా నేను తాగింది ఆయన మాట."

అప్పుడు ఉషాంగి బాబాయ్ నోట్లో రొట్టె నముల్తూ నెమ్మదిగా అన్నాడు. "పీచ్ చెట్టు సరే బావా. దాని కింద తడి కుక్క పడుకునుందే, దాన్ని చూళ్ళేదా?"

 మొదట రేజోయే పగలబడి నవ్వాడు, ఆ తర్వాత బల్లంతా. ఆ వైన్‌కి పేరు పడిపోయింది. ఉషాంగి బాబాయ్ ఒక్కడే నవ్వకుండా మా మోకాళ్ళ వైపు చూస్తున్నాడు.

బస్సెక్కాక మావయ్య ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా అడిగాడు. "కుక్కేంటే?"

చెప్పా. ఆయన స్టీరింగ్ మీద తలపెట్టేశాడు, నవ్వుతున్నాడో ఏంటో తెలీలేదు.

"గిన్నె ఇంకా నాదే కదా?" అన్నాడు చివరికి.

ఆయనదే. కానీ తర్వాత జరిగింది ఎవరూ అనుకోలేదు. ఎల్గూజా ఎంత చెడ్డ వైన్‌నైనా కంటిరెప్ప కదపకుండా తాగి పువ్వుల్లో పెడతాడని చుట్టుపక్కలంతా పాకిపోయింది. బాన పాడైన ప్రతి ఇంటి నుంచీ కబురొచ్చింది. వైన్ పుల్లగా మారినవాళ్ళు, బూజు పట్టినవాళ్ళు, మూత సరిగ్గా మెత్తనివాళ్ళు, అందరూ, "ఎల్గూజా, నువ్వే రావాలి" అని. బాన బాగా కుదిరినవాళ్ళు మాత్రం గిన్నె మావయ్య దగ్గర ఒకరోజు అరువు తీసుకుని ఉషాంగి బాబాయ్‌ని పిలుచుకున్నారు. ఎందుకంటే ఎల్గూజా మెచ్చుకుంటే మెచ్చుకున్నట్టు కాదు కదా ఇప్పుడు. బాగుందేమో, జాలిపడ్డాడేమో, ఎవరికి తెలుసు?

"ఎల్గూజా వచ్చిపోయాడంటే బాన కడుక్కోవాలన్నమాట," అని బస్సులోనే ఎవరో అన్నారు. ఆయన వీపుకి అన్నీ వినబడతాయి.

మావయ్య అన్ని పిలుపులకీ వెళ్ళాడు. తాగడం ఆయనకేం కష్టం కాలేదు, కష్టమంతా నాది, నేను పక్కన కూర్చుని తాగాలి, నాకు ముక్కుంది. ఏ సైగా అక్కర్లేకుండా పోయింది. పద్యాలు బాగానే ఉండేవి. కానీ ఇళ్ళవాళ్ళు వాటిని వినేవాళ్ళు కాదు, ఆయన మొహం వైపు చూసి "ఆహా, ఎంత ఓర్పు" అనుకునేవాళ్ళు. గిన్నె చేతిలో ఉంది, పద్యం మాత్రం ఎవరికీ పట్టట్లేదు. ఒకరోజు ఇంటికొచ్చి, "నన్ను మందు మింగే పేషెంట్‌లా చూస్తున్నారే," అన్నాడు.

ఊరి చివర మరమిల్లు నడిపే షియో అని ఒకడున్నాడు. వాడి బానలో వైన్ వాడి కుక్కే తాగలేదని వాడే చెప్పుకుంటాడు. వాడి బాన తెరిచిన రోజు గిన్నె నా చేతిలోంచి మావయ్యకి వెళ్ళింది. ఆయన నోటిదాకా ఎత్తి ఆపాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. ముక్కు గిన్నెలో పెట్టేశాడు.

"బంగాళాదుంప," అన్నాడు.  "కుళ్ళింది. కుళ్ళిన బంగాళాదుంప, టెక్లే!"

అని గటగటా తాగేసి, దగ్గుతూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, నిలబడి:

మెట్ల కింద మరిచిపోయిన సంచిలో బంగాళాదుంప,
ఎట్లా దిగావే ఈ బానలోకి, నీకు దొరికిందా కొంప?
అందరూ ముక్కులు మూసుకోండి, నేను మాత్రం తెరుస్తా,
ఎన్నాళ్ళకొచ్చావే తల్లీ, కంపువైనా కౌగిలిస్తా!

ఎవరూ నవ్వలేదు. షియో మొహం ఎర్రబడింది, పరువు కాపాడతాడని పిలిస్తే ఇదా అని. పక్కనున్నవాళ్ళు మాత్రం మూడో లైను, నాలుగో లైను మళ్ళీ గొణుక్కుంటున్నారు. తెరుస్తా అంటే? ఎన్నాళ్ళకి అంటే? అంటే ఇన్నాళ్ళూ...? సాయంత్రానికల్లా ఊరంతా లెక్క తేల్చేసింది. రేజో ఇంట్లో ఎల్గూజా చేసింది త్యాగమేం కాదు, ఆయనకి అసలు వాసనే తెలీలేదు.

నాతేలా అత్తయ్య రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. "ముక్కు పోయిందని కాదు, నాకు చెప్పలేదని. ఇన్నాళ్ళూ నా పచ్చడి బాగుంది బాగుంది అని తిన్నావ్ కదా, అబద్ధాలకోరు!" అంది మూడోరోజు. ఎతేరి మాత్రం మాట మార్చుకోలేదు. "వాసన తెలీకపోతే తెలీకపోయింది. బూట్లు కనబడ్డాయి కదా," అంది. కానీ ఒక్క ఎతేరి మాట మీద గిన్నె ఆగదు. పెద్దవాళ్ళు వచ్చి అడిగారు, మావయ్య తువ్వాలులో చుట్టి ఇచ్చేశాడు, వాళ్ళు తీసుకెళ్ళి ఉషాంగి బాబాయ్‌కిచ్చారు. మావయ్య ఆ రోజు బస్సు రెండు ట్రిప్పులు ఎక్కువ నడిపాడు.

నేను తిరిగి వెళ్ళడానికి ముందురోజు పొద్దున్నే ఉషాంగి బాబాయ్ వచ్చాడు, చంకలో తువ్వాలు మూట.

"ఊళ్ళో నా బాన ఒక్కటే మిగిలింది," అన్నాడు గుమ్మంలోంచే. "దాని మీద నేను చెప్పుకోకూడదు."

"ఎవడో ఒకణ్ణి పిలుచుకో బావా," అన్నాడు మావయ్య టైరుకి గాలి కొడుతూ.

"పిలుద్దామనే చూశా. ఎవడు చెప్పినా నాకు భయపడి చెప్తాడు." మూట కిందపెట్టాడు. "నీ ముక్కు ఎలా ఉంది? నిజం చెప్పు."

"కంపు ఒక్కటే వస్తుంది. పేడ, మాడు, బూజు, అన్నీ. మంచిది ఏదీ రాదు. నిన్న టెక్లే గులాబీ తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది. కాగితంలా ఉంది."

"మరి మంచిది నీ ముందు పెడితే?"

"ఏమీ రాదు."

ఉషాంగి బాబాయ్ మూట మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. "అయితే సాయంత్రం రా," అన్నాడు.

మేం వెళ్ళేసరికి ఇల్లంతా జనం. కొందరు వేడుక చూడ్డానికే వచ్చారు, దాచుకోలేదు కూడా. ఉషాంగి బాబాయ్ కళ్ళజోడు కోసం సొరుగులన్నీ లాగుతున్నాడు, అది ఆయన నెత్తి మీదే ఉంది, ఎప్పుడూ ఉండేదక్కడే, ఇంట్లోవాళ్ళు చెప్పడం మానేసి చాలా ఏళ్ళైంది. మూత జరిపారు. బుర్ర దిగింది. గిన్నె ఈసారి నేనందుకోలేదు, ఉషాంగి బాబాయ్ తనే నింపి తనే ఇచ్చాడు. గది అవతలి వైపు నిలబడ్డ నాకు కూడా వాసన వచ్చింది. ఏం వాసనో నేను చెప్పను.

మావయ్య ముక్కు గిన్నెలో పెట్టాడు. చాలాసేపు ఉన్నాడు. ఎవరో దగ్గారు. ఉషాంగి బాబాయ్ చెవులదాకా తెల్లబడిపోయాడు, ఊరంతటి మీదా జోకులేసే మనిషి.

"ఏమొచ్చింది?" అన్నాడు.

మావయ్య తలెత్తాడు. "ఏమీ రాలేదు బావా."

ఉషాంగి బాబాయ్ కుర్చీలో కూలబడి ఊపిరి వదిలాడు. వేడుక చూడ్డానికొచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావయ్య అడుగుదాకా తాగి, గిన్నె బోర్లించి చూపించి, చెప్పాడు:

కళ్ళజోడు నెత్తినుంది, ఇల్లంతా వెతుకుతావు,
వాసన కోసం నేను వెతికితే నన్ను నువ్వు చూస్తావు;
కుక్క లేదు, దుంప లేదు, పొగ లేదు, బూజు లేదు,
ఏమీ లేని చోట ఇంత హాయి నాకెప్పుడూ లేదు.

ఉషాంగి బాబాయ్ చెయ్యి నెత్తి మీదికి వెళ్ళింది. కళ్ళజోడు దొరికింది. పెట్టుకుని మావయ్య వైపు చూశాడు, తర్వాత తన గ్లాసు ఎత్తి ఖాళీ చేశాడు, అందరూ ఎత్తారు, ఒక్కరు కూడా కళ్ళు మూసుకోలేదు.

గిన్నె మావయ్య ముందే ఉండిపోయింది. బల్ల సర్దినప్పుడు పళ్ళేలు తీశారు, రొట్టె ముక్కలు తీశారు, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నాతేలా అత్తయ్య కూజా పట్టుకుని బల్ల చుట్టూ వస్తూ అడిగింది, "ఏమీ లేనిది ఇంకొంచెం ఎవరికి?"

అన్ని గ్లాసులూ ఒకేసారి ముందుకొచ్చాయి.